ఋణావేశం

వెండెలిన్ మట్టి తెచ్చిన సంచి మీద
నవ్వుతున్న పిల్లి బొమ్మ ఉంది.
బ్రాటిస్లావా దుకాణాల్లో
పిల్లుల తొట్టెలకని అమ్మే మట్టి అదే.
"దీంతోనేనా మీ అద్దాలు?" అన్నాడు.
అద్దాలు కాదు, పొరలు అంది డ్రహోమిరా.
ఆయనకి రెండూ ఒకటే.

కొండ అవతల క్వారీలో
ఇరవై ఆరేళ్ళుగా ప్రొక్లెయిన్ తోలుతున్న మనిషి.
గోళ్ళ కింద బూడిదరంగు గీతలు,
ఎంత తోమినా పోవట.
ఆమె ఆ మట్టినే నీళ్ళలో కలిపి
నాలుగు రోజులు ముట్టుకోదు.
అడుక్కి దిగినదాన్ని పారబోసి
దిగనని తేలాడుతున్నదాన్ని దాచుకుంటుంది.
మొండి మట్టే ఆమెకి కావాలి.

ఒక్క చెంచాడు, పలక పలకా విడదీసి పరిస్తే
ఫుట్‌బాల్ మైదానం నిండుతుందని చెప్పింది.
ఆయన కళ్ళు మూసుకుని లెక్కేసుకున్నాడు.
"మరి నేనెందుకు అంత తవ్వినట్టు?"

ఈ మట్టికి పాత అప్పు ఒకటుంది.
కొండ కక్కిన బూడిద నీట నాని
మట్టి అవుతున్న కాలంలో
అల్యూమినియం కూర్చోవలసిన చోట
మెగ్నీషియం వచ్చి కూర్చుంది,
ఒక్క పైసా తక్కువ పట్టుకుని.
అలా పలక పలకలోనూ లోటు.
మా బడిపుస్తకంలో దాన్ని ఋణావేశం అన్నారు.
ఆ పేరు పెట్టినాయన ఎవరో గానీ
వడ్డీ కట్టి ఉంటాడు.

అప్పు తీర్చడానికి రంగు వస్తుంది.
టిబోర్ ఇంకా కుర్రవాడు,
ఎవరి సొమ్మో అన్నట్టు పోశాడు.
రోడమిన్ అణువులు,
ఒక్కోటీ ధనావేశం మూట నెత్తిన పెట్టుకుని
తిరనాళ్ళ బస్సెక్కినట్టు ఎగబడ్డాయి.
ఒకదాని వీపుకి ఒకటి.
పొర చిక్కగా, ఎర్రగా, చూడ్డానికి బాగానే ఉంది.
దీపం కింద పెడితే మాత్రం
గుడ్డిది.
ఇరుకులో ఒకరి వెలుగుని పక్కవాళ్ళే మింగేస్తారు.

డ్రహోమిరా అతన్ని ఏమీ అనలేదు.
మట్టిని లిథియం నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి
రాత్రంతా కొలిమిలో ఉంచింది.
లిథియం పిట్టంత ప్రాణం.
వేడికి పలకలోకే దూరిపోయి
ఎవరూ అడగకుండానే సగం బాకీ కట్టేసింది.
మిగిలినవి అక్కడొకటి, ఇక్కడొకటి.

ఈసారి రంగు కొంచెమే పట్టింది.
ఎడంగా, ఎవరి చాప వాళ్ళు పరుచుకున్నట్టు.
గాజు మీద పొర ఉందా లేదా అన్నట్టుంది.
టిబోర్ మొహం వేలాడేశాడు.
ఆమె దీపం వేసింది.

నారింజ.
గదిలో ఇంకెక్కడా లేని నారింజ.

వెండెలిన్ చేతికి పోలరైజర్ ఇచ్చి
గాజుని కాస్త వంచి పట్టుకుంది, తిప్పమంది.
తిప్పితే వెలుగు పెరిగింది,
ఇంకాస్త తిప్పితే తగ్గింది.
అణువులన్నీ పలక మీద ఒకే ఒరుగున పడుకుంటాయని
ఆమె మొదలుపెట్టేలోపు
"ఓ, వాలు!" అన్నాడు.
పొరల వాలు చూసి
బకెట్ ఎటు దించాలో చెప్పే మనిషికి
ఇంకేం చెప్పాలి?

వెళ్తూ వెళ్తూ, పారేయబోతున్న
టిబోర్ ఎర్ర గాజుని అడిగి తీసుకున్నాడు.
వెలగదండీ అది, అంది.
"నాకు మట్టి కనబడితే చాలు" అని
జేబురుమాల్లో చుట్టుకున్నాడు.

జనవరిలో ఫోన్ చేశాడు.
క్వారీ అంతా మంచు, పని లేదు.
ప్రొక్లెయిన్ అద్దానికి అతికించాడట దాన్ని.
"ఒక మూల వెలిసిపోయింది, ఎండకేమో.
కానీ ఆ మూలే, తెల్లారి టార్చి వేస్తే,
ఏదో కదిలినట్టుంది."
డ్రహోమిరా కాసేపు మాట్లాడలేదు.
కొన్ని రాలిపోతే
మిగిలినవాటికి ఊపిరాడిందేమో.
కావచ్చు, కాకపోవచ్చు.
కొలిచి చూడాలి.
"ఏ రంగు?" అని అడిగింది,
నోట్‌బుక్ లాక్కుంటూ.